1/24 సైజులో మా నాయన అంబాసిడర్

అంబాసిడర్ కారు పొడవు 4325 మిల్లీమీటర్లు. దాన్ని 24తో భాగిస్తే 180. వెడల్పు 1662, భాగిస్తే 69. ఎత్తు 1593, భాగిస్తే 66. ముందు చక్రం నడిమి నుంచి వెనక చక్రం నడిమికి 2464, భాగిస్తే 103కి కాస్త తక్కువ. ఈ అంకెలు రాసిన కాగితం నా పనిబల్ల ఎదురుగా గోడకు అంటించి ఉంది. ఇప్పుడు నేను చేస్తున్న మోడల్ బండి ఇదే, అసలు దానిలో 24వ వంతు. దీనికి కిట్, అంటే ముక్కలు అతికించి కట్టుకునే పెట్టె, లేదు. టమియా, హసెగావా, ఫుజిమి, రెవెల్ లాంటి పేరున్న కంపెనీల జాబితాలు పాతవీ కొత్తవీ వెతికాను. ఎవరూ అంబాసిడర్ ప్లాస్టిక్ కిట్ చేసినట్టు కనబడలేదు. 1950ల చివర నుంచి 2014 దాకా కలకత్తా పక్కన ఉత్తర్‌పారాలో తయారై, కలెక్టరు మొదలుకొని పెళ్లికొడుకు దాకా అందరూ ఎక్కిన బండికి ఒక కిట్ లేకపోవడం నాకు న్యాయంగా అనిపించదు. అందుకే సొంతంగా చేస్తున్నాను.

నేను తిరుపతిలో ఒక డెంటల్ ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. డాక్టర్లు పంపే పళ్ల అచ్చుల మీద క్యాపులు, కట్టుడు పళ్ల సెట్లు, పిల్లల పళ్లకు క్లిప్పులు చేయడం నా పని. మా నాయన ట్యాక్సీ డ్రైవరు. రైల్వే స్టేషన్ దగ్గర స్టాండులో బండి పెట్టుకుని కొండకు, తిరుచానూరుకు, కాళహస్తికి, కాణిపాకానికి బాడుగలకు పోయేవాడు. డీజిల్ అంబాసిడర్ నోవా, తెల్ల రంగు, నంబరు ఏపీ 03తో మొదలయ్యేది. ఆ బండి అమ్మేసి చాలా ఏళ్లయింది. ఇప్పుడు నేను చేసే ప్రతి ముక్కా ముందు ఆయన చేతిలోకి పోవాల్సిందే. కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి, వెలుతురు వైపు తిప్పి, సరిగ్గా ఉందో లేదో చెప్తాడు.

ఈ హాబీలో రెండు దారులున్నాయి. ఒకటి, తయారైన బండిని కొని అద్దాల బీరువాలో పెట్టుకోవడం. హాట్ వీల్స్, మ్యాచ్‌బాక్స్ లాంటి అరచేతి బండ్ల దగ్గర మొదలై, తలుపులు తెరుచుకునే 1/18 మెటల్ బండ్ల దాకా పోతుంది. నా దగ్గరా కొన్ని ఉన్నాయి. అయితే అరుదైన హాట్ వీల్స్ వచ్చిందని తెలియగానే పెద్దవాళ్లు షాపు మీద పడి, ఉన్నవన్నీ ఎత్తుకెళ్లి, సాయంత్రానికల్లా నాలుగింతల ధరకు అమ్మకానికి పెట్టడం మాత్రం నాకు అస్సలు నచ్చదు. అది ఎవరో పిల్లవాడికి దొరకాల్సిన బండి. రెండో దారి, కిట్ కొని కట్టడం. నా మనసంతా దీని మీదే. ఒక బండిని కొంటే దాని పైరంగు తెలుస్తుంది. కడితే ఇరుసు ఎక్కడుందో, సైలెన్సర్ పైపు దేని పక్క నుంచి వంగి పోతుందో, వెనక సీటు కింద ఎంత చోటు ఉంటుందో, డ్యాష్‌బోర్డు ఎందుకంత ముందుకు వచ్చిందో తెలుస్తుంది. మనం పుట్టి పెరిగిన ఊరి రోడ్ల మీద తిరిగిన బండిని అలా తెలుసుకోవాలన్నది నా పట్టుదల.

తెలియనివాళ్ల కోసం కిట్ అంటే ఏమిటో చెప్తాను. పెట్టె తెరిస్తే అందులో బండి ఉండదు. ప్లాస్టిక్ చట్రాలకు అంటుకుని వరసగా ముక్కలుంటాయి. కరిగించిన పాలీస్టైరిన్ అనే ప్లాస్టిక్‌ని ఉక్కు అచ్చులోకి ఒత్తిడితో నింపితే అది ముక్కలదాకా పారే కాలవలే ఆ చట్రం. దాన్ని స్ప్రూ అంటాం. ప్రతి ముక్క పక్కనా నంబరు ఉంటుంది. బాడీ సాధారణంగా ఒకే ముక్కగా వస్తుంది. అద్దాల చట్రం వేరు, క్రోమ్ పూసిన చట్రం వేరు, రబ్బరు టైర్లు వేరు. స్టిక్కర్లకు బదులు నీళ్లలో నానబెట్టి జార్చి అతికించే డికాల్స్ ఉంటాయి. కత్తిరించడానికి నిప్పర్, గీకడానికి బ్లేడు, రుద్దడానికి ఎమరీ పేపర్, అతికించడానికి సిమెంట్. రంగులు మనమే కొనుక్కోవాలి.

సిమెంట్ అన్నానే, దాని సంగతి చెప్పాలి. టమియా ఎక్స్‌ట్రా థిన్ అని చిన్న గాజు సీసా వస్తుంది, మూతకే సన్నటి బ్రష్ ఉంటుంది. రెండు ముక్కల్ని ముందు దగ్గరగా పట్టుకుని, ఆ సందు మొదట్లో బ్రష్ మొన ఒక్కసారి ఆనిస్తే చాలు, ద్రవం తనంతట తాను సందు పొడవునా పాకుతుంది. అది జిగురు కాదు. ప్లాస్టిక్‌నే కాస్త కరిగించి, రెండు ముక్కల్నీ ఒకే ముక్క చేసి, తాను ఆవిరైపోతుంది. ఫెవిక్విక్ అలా కాదు, రెండింటి మధ్య పొరగా ఉండిపోతుంది. పైగా దాని ఆవిరి తగిలితే పక్కనున్న అద్దాల ముక్కలు తెల్లగా మసకబారతాయి. మా ల్యాబ్‌కి ట్రైనింగ్‌కి వచ్చే పిల్లలు ఎవరైనా కిట్ మొదలుపెడతామంటే నేను మొదట చెప్పేది ఇదే: అద్దాల దగ్గరికి ఫెవిక్విక్ తీసుకుపోవద్దు.

సైజుల లెక్క కూడా తెలుసుకోవాల్సిందే. 1/24 అంటే అసలు బండిలో ఒక అడుగు మోడల్‌లో అరంగుళం. జపాన్ కంపెనీల కార్లు ఎక్కువగా ఇదే సైజు. అమెరికా కిట్లు చాలావరకు 1/25. అక్కడ కార్ల డీలర్లు కొత్త మోడల్ వచ్చినప్పుడు కస్టమర్లకు చూపించడానికి చిన్న బొమ్మ కార్లు చేయించేవాళ్లు, అవి 1/25లో ఉండేవి. 1948లో మొదలైన ఏఎంటీ కంపెనీ ఆ పనితోనే పైకొచ్చి, తర్వాత అవే కొలతల్లో కిట్లు అమ్మింది. వినడానికి రెండూ ఒకటే అనిపిస్తుంది గానీ, అంబాసిడర్‌ని 1/25లో చేస్తే 173 మిల్లీమీటర్లే వస్తుంది. పక్కపక్కన పెడితే ఆ ఏడు మిల్లీమీటర్లు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి.

నేను మొదట కట్టింది టమియా వాళ్ల 1966 ఫోక్స్‌వ్యాగన్ బీటిల్. మా తమ్ముడు బెంగళూరు నుంచి తెచ్చాడు. కిటికీల చుట్టూ, బాడీ పక్కన ఉండే సన్నటి వెండి గీతల్ని ఎలా తేవాలో ఆ బండి మీదే నేర్చుకున్నాను. బేర్ మెటల్ ఫాయిల్ అని వెనక జిగురున్న అతి పల్చటి రేకు ఉంటుంది. దాన్ని గీత కంటే వెడల్పుగా కోసి, పైన పరిచి, అంచులు దిగేదాకా రుద్ది, కొత్త బ్లేడుతో గీత పొడవునా కోయాలి. రుద్దడానికి చాలామంది టూత్‌పిక్ వాడతారు. నేను లెక్రాన్ కార్వర్ వాడతాను. మైనంతో పన్ను ఆకారం చెక్కే పనిముట్టు అది, ఒక చివర చిన్న గరిటెలా ఉంటుంది. పగలంతా చేతిలో ఉండేదే కాబట్టి ఎంత నొక్కితే రేకు చిరుగుతుందో వేళ్లకే తెలుస్తుంది.

టమియా అంటే నాకు గౌరవం రావడానికి కిట్ల నాణ్యత ఒక్కటే కారణం కాదు. 1946లో జపాన్‌లోని షిజువోకాలో కలప వ్యాపారంగా మొదలైంది ఆ కంపెనీ. ముందు చెక్క మోడళ్లు చేశారు, ప్లాస్టిక్ వచ్చి చెక్కను పక్కకు నెట్టేశాక ఉక్కు అచ్చుల పని నేర్చుకున్నారు. మన దగ్గర మాధవమాలలో కొయ్యబొమ్మలు చెక్కేవాళ్లను చూసినప్పుడల్లా నాకు ఆ సంగతి గుర్తొస్తుంది. చెయ్యి తిరిగిన పనివాడికి వస్తువు మారినా కన్ను మారదు. కంపెనీని అంత ఎత్తుకు తెచ్చిన షున్‌సాకు టమియా, పోర్షే కిట్ చేయాలనుకున్నప్పుడు ఫోటోలతో సరిపెట్టుకోలేదు. ఒక పోర్షే 911 కొని, దాన్ని విప్పి, ముక్క ముక్కా కొలిపించాడు. తిరిగి బిగించడానికి పోర్షే వాళ్ల మెకానిక్కులు రావాల్సి వచ్చింది. 1976లో వచ్చిన 1/12 పోర్షే 934 కిట్ వెనక ఉన్న కథ అది. ఆయన 2025 జులైలో 90 ఏళ్ల వయసులో పోయారు. ఆ వార్త చదివిన రోజు బీటిల్‌ని బీరువాలోంచి తీసి దుమ్ము తుడిచి, చాలాసేపు చేతిలో పట్టుకుని కూర్చున్నాను.

మన దేశంలో ఈ హాబీకి పెద్ద అడ్డం ధర. 2020లో బొమ్మల మీద దిగుమతి సుంకం 20 శాతం నుంచి 60కి పెంచారు, 2023లో 70 చేశారు. స్కేల్ మోడళ్లు కూడా సుంకాల పట్టికలో బొమ్మల గుంపులోనే ఉంటాయి. 2021 జనవరి నుంచి బొమ్మలకు బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు తప్పనిసరి కావడంతో దిగుమతి చేసే షాపులు ఇంకా తగ్గాయి. నాసిరకం ప్లాస్టిక్ బొమ్మలు పిల్లల నోట్లోకి పోకూడదు, ఇక్కడి బొమ్మల తయారీ బాగుపడాలి, రెండూ నాకు ఇష్టమే. అయితే కార్ల కిట్లు చేసే కంపెనీ ఇక్కడ ఉంటే కదా, దాన్ని కాపాడటం? మనవాళ్లకు చేతకాక కాదు. బ్రిటన్ కంపెనీ ఎయిర్‌ఫిక్స్ కిట్ల పెట్టెల మీద మేడ్ ఇన్ ఇండియా అని ఉండటం నేనే చూశాను. అంత సన్నటి విమానం ముక్కలు ఇక్కడ పోయగలిగినవాళ్లు మారుతి 800 పోయలేరా? ఉక్కు అచ్చు చేయడానికి చాలా ఖర్చవుతుంది, ఎన్ని అమ్ముడుపోతాయో అని భయం. ఎవరైనా ధైర్యం చేస్తే మొదటి పెట్టె నేనే కొంటాను.

రంగుల సంగతి ఇంకో తలనొప్పి. స్ప్రే డబ్బాలు, సిమెంట్ సీసాలు మంటంటుకునే సరుకు కాబట్టి విమానంలో ఎక్కించరు. రోడ్డు మీదే రావాలి. అందుకే నేను మన ఆటోనగర్‌లో కార్లకు వేసే డ్యూకో రంగులకే అలవాటు పడ్డాను. ఘాటైన థిన్నర్ నేరుగా పాలీస్టైరిన్ మీద పడితే అది కరుగుతుంది. ముందు ప్రైమర్ వేసి, ఆరనిచ్చి, తర్వాత పల్చటి పొరలు పొడిపొడిగా వేసుకుంటూ పోతే ఏ ఇబ్బందీ లేదు. మన వాతావరణాన్ని కూడా గౌరవించాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల ముసురులో లక్కర్ రంగు వేస్తే, థిన్నర్ ఆవిరయ్యేటప్పుడు ఉపరితలం చల్లబడి గాల్లో తేమ దాని మీద దిగుతుంది. మెరవాల్సిన రంగు పాలిపోయి తెల్లటి పొర కడుతుంది. ఆ నెలల్లో నేను రంగు జోలికి పోను, చెక్కే పని, అతికించే పని పెట్టుకుంటాను. మేలో ఎండ నలభై దాటినప్పుడు ఇంకో రకం ఇబ్బంది, ఎయిర్‌బ్రష్ నుంచి వచ్చిన చుక్క బాడీ మీద పడేలోపే ఆరిపోయి గరుకు తేలుతుంది. అప్పుడు తెల్లవారుజామునే రంగు వేయాలి.

కట్టకుండా దాచుకున్న పెట్టెలు నా దగ్గరా ఉన్నాయి. దాచుకునేవాళ్లకు ఒక్క మాట. టైర్లను వేరే కవర్లో పెట్టండి. కిట్లలో వచ్చే మెత్తటి వినైల్ టైర్లలో ప్లాస్టిక్‌ను మెత్తగా ఉంచే నూనెలాంటి పదార్థం ఉంటుంది. అది మెల్లగా బయటికి వచ్చి, తగిలిన పాలీస్టైరిన్‌ని తినేస్తుంది. టైరు అద్దాల ముక్కకు ఆనుకుని ఉంటే కొన్నేళ్లకు ఆ అద్దం మీద టైరు గాడి అచ్చుపడి ఉంటుంది. వేడి ఎక్కువున్న మన ఊళ్లలో ఇది ఇంకా తొందరగా జరుగుతుంది. డికాల్ షీట్‌ని గాలి చొరబడని కవర్లో, చదునుగా పెట్టాలి. ఒకవేళ పసుపు పట్టినా పారేయకండి, కిటికీ అద్దానికి ఎండ తగిలేట్టు కొన్నాళ్లు అంటించి ఉంచితే చాలావరకు తెల్లబడుతుంది.

అంబాసిడర్ కంటే ముందు మా నాయన అడిగినవి ఇంకో రెండున్నాయి: కొండ మీద తిరిగిన మహీంద్రా జీపు, పోలీసుల జిప్సీ. జీపుకి దారి ఉంది. మహీంద్రా వాళ్లు 1940ల చివర నుంచి విల్లీస్ జీపులే కదా ఇక్కడ బిగించింది. ఇటలేరి, హసెగావా ఇద్దరూ విల్లీస్ ఎంబీని 1/24లో చేశారు. అయితే యుద్ధకాలపు ఎంబీకి ముందు గ్రిల్‌లో తొమ్మిది సందులుంటాయి, తర్వాత మామూలు జనం కోసం చేసిన సీజే జీపులకు ఏడు. బానెట్ ఎత్తు కూడా పెంచాలి. జిప్సీకి హసెగావా చేసిన సుజుకీ జిమ్నీ జేఏ11 ఆధారం. దాని వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల నడిమి దూరం) 2030, జిప్సీది 2375. తేడా 345 మిల్లీమీటర్లు. అంటే మోడల్‌ని మధ్యలో కోసి 14 మిల్లీమీటర్ల కంటే కాస్త ఎక్కువ ముక్క అతకాలి. వెడల్పు కూడా కొంచెం పెంచాలి. ఈ రెండూ క్యూలో ఉన్నాయి.

అంబాసిడర్‌కు అలాంటి ఆధారం ఏదీ దొరకలేదు. దాని తాత మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3కి కూడా నాకు ఈ సైజులో కిట్ కనబడలేదు. కాబట్టి బాడీ మొత్తం చెక్కుకోవాల్సిందే. ఆటోనగర్‌లో ఒక షెడ్డు వెనక నిలబడిపోయిన అంబాసిడర్‌ని టేపు, స్కేలు, అట్టముక్కలతో వెళ్లి కొలిచాను. వంపులు టేపుకు అందవు. పెద్ద అట్టను బండి పక్కకు ఆనించి వంపు దిగేదాకా కత్తిరించుకుంటూ పోవాలి. తర్వాత ఆ వంపును 24 వంతులకు తగ్గించి సన్నటి అట్ట మీద గీసుకోవాలి. బండిలో సగానికే అట్టలు చేశాను. రెండో పక్కకు అదే అట్ట తిప్పి పెడితే రెండు వైపులా సమానంగా వస్తాయి.

ఇక్కడి నుంచి నా ఉద్యోగం నాకు ఎంత సాయం చేసిందో చెప్పలేను. మాస్టర్ దిమ్మెను, అంటే బాడీ ఆకారం తీసే అచ్చును, పళ్ల అచ్చులు పోసే స్టోన్ అనే గట్టి జిప్సంతోనే పోశాను. అది గట్టిపడేటప్పుడు వెయ్యింట ఒక వంతు లోపలే పెరుగుతుంది. 180 మిల్లీమీటర్ల మీద అది లెక్కలోకి రాదు. దిమ్మెను 69 వెడల్పున చెక్కకూడదు, 67 ఉండాలి. ఎందుకంటే దాని మీద వేడి ప్లాస్టిక్ షీట్ పరుచుకుంటుంది, ఇటు ఒక మిల్లీమీటరు, అటు ఒకటి కలిస్తేనే అసలు వెడల్పు వస్తుంది.

షీట్ పరిచే యంత్రం మా ల్యాబ్‌లోనే ఉంది. క్లిప్పులు తీసేశాక పళ్లు కదలకుండా పెట్టే పారదర్శకమైన రిటైనర్లు దాంతోనే చేస్తాం. పైన హీటరు, కింద రంధ్రాల పళ్లెం, దాని కింద గాలి లాగే మోటారు. ఫ్రేములో బిగించిన షీట్ వేడికి మెత్తబడి మధ్యలో కిందికి జారినప్పుడు, ఒక్కసారిగా దిమ్మె మీదికి దించి గాలి లాగితే ఒళ్లంతా పట్టేస్తుంది. మా సార్ ఆదివారాలు వాడుకోమన్నారు, ఆ మేలు మరువలేను. ఒకటే చిక్కు: ఆ యంత్రంలో పట్టేది అయిదంగుళాల చదరపు షీట్, అంటే దాదాపు 125 మిల్లీమీటర్లు. మన బండి 180. అందుకని బాడీని మూడు దిమ్మెలుగా విడగొట్టాను: మధ్య స్తంభం దాకా ముందు భాగం, అక్కణ్నుంచి డిక్కీ భాగం, పైన టాపు. టాపు విడిగా ఉండటం వల్ల ఇంకో లాభం కూడా ఉంది. దిమ్మె ఎత్తు ఎక్కువైతే షీట్ సాగిసాగి కింది అంచుల దగ్గర కాగితంలా పల్చబడుతుంది. ఇప్పుడు ఎత్తు సగమే కాబట్టి గుమ్మాల దగ్గర కూడా మందం నిలబడింది.

చక్రాల పైన బాడీ లోపలికి తిరిగేచోట షీట్ దిమ్మెను పట్టుకుని ఊడి రాదు. దాన్ని మా భాషలో అండర్‌కట్ అంటాం. పన్ను కింద సన్నబడి పైన ఉబ్బుగా ఉంటే సెట్టు తీయడం ఎంత కష్టమో మాకు రోజూ తెలిసిన సంగతే. అలాంటి చోట ముందే మైనంతో పూడ్చేస్తాం. ఇక్కడా అదే చేశాను. పూడ్చిన వంపుల్ని తర్వాత సన్నటి ప్లాస్టిక్ పట్టీలతో కట్టుకొస్తున్నాను. తలుపుల సందులు, డిక్కీ సందు షీట్‌లో మొద్దుబారి వస్తాయి కాబట్టి వాటిని మళ్లీ గీయాలి. అసలు బండిలో ఆ సందు నాలుగైదు మిల్లీమీటర్లు ఉంటే, ఇక్కడ 0.2. రంగు పొరలు ఎక్కేకొద్దీ అది ఇంకా పూడిపోతుంది. అందుకే రంగుకు ముందే కాస్త లోతుగా గీసి పెట్టుకోవాలి.

అద్దాలకు అదే యంత్రం, రిటైనర్ షీట్. స్టీరింగ్ పక్కనుండే గేరు రాడ్డుకు క్లిప్పుల్లో వాడే 0.6 స్టీలు వైరు. దాన్ని మా నాయనకు చూపిస్తే, "ఇంత నిక్కి ఉండదు పాపా, కొంచెం కిందికి వాలి ఉంటాది. రెండో గేరులోనే ఘాటు దిగాల, చెయ్యి అట్టనే దాని మీద ఉండాల" అని గాల్లో చెయ్యి పెట్టి చూపించాడు. ఆ చేతిని చూసి వైరు వంచాను. బంపర్లకు క్రోమ్ వేద్దామనుకుంటే ఒప్పుకోలేదు. ఏటా ఎఫ్‌సీకి (ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌కి) పోయే ముందు ట్యాక్సీలకు బాడీకి రంగు కొట్టేవాళ్లు, తుప్పు పట్టిన బంపర్లకు అల్యూమినియం పెయింటు పూసేవాళ్లు. కాబట్టి నా బండి బంపర్లు మెరవవు, మసక వెండి రంగులో ఉంటాయి. పైన ఇనుప కడ్డీల క్యారియర్. "క్యారియర్ లేని కొండ బండి యాడుండాది?" అన్నాడు. అదీ నిజమే. యాత్రికుల పెట్టెలు, మూటలు అన్నీ దాని మీదే పోయేవి.

ఇక రంగు. తెలుపు అంటే ఒకటే రంగు అనుకుంటారు. మా పనిలో వీటా షేడ్ గైడ్ అని పదహారు పళ్ల నమూనాలు వరసగా పెట్టిన పట్టీ ఉంటుంది. ఏ1, ఏ2, బీ1 అంటూ పదహారు తెలుపులు. కొంచెం పసుపు, కొంచెం ఎరుపు, కొంచెం బూడిద. ఎవరి పన్ను ఏ తెలుపో కిటికీ వెలుతురులో చూసి తేల్చాలి, ట్యూబ్‌లైటు కింద కాదు. ఇన్నేళ్లు ఆ తెలుపుల మధ్య బతికిన కళ్లకు ట్యాక్సీ తెలుపు పచ్చి తెలుపు కాదని తెలుసు. డబ్బాలో ఉన్న తెలుపు నేరుగా వేస్తే మోడల్ ఫ్రిజ్‌లా కనబడుతుంది. మా నాయన దగ్గర మిగిలిన పాత కలర్ ఫోటోల రంగు వెలిసిపోయింది, వాటిని నమ్మలేం. అందుకే ఆయన్ను పగటి వెలుతురులో కూర్చోబెట్టి షేడ్ గైడ్ చేతికిచ్చాను. ఒక్కొక్కటీ దూరంగా పట్టుకుని చూసి, రెండు పక్కన పెట్టి, చివరికి బీ1 తీశాడు. "ఇదే. కొత్తగా కొట్టించినప్పుడు ఇట్ల. ఆర్నెల్లకు పక్కదాని మాదిరి అయ్యేది."

ఆ నమూనా పన్ను జేబులో వేసుకుని ఆటోనగర్‌లో రంగులు కలిపే అన్న దగ్గరికి పోయాను. ఆయన దాన్ని షెడ్డు బయట ఎండలో తిప్పి చూసి, తెలుపులో పసుపు రెండు చుక్కలు, నలుపు ఒక చుక్క వేసి కలిపి, పాత రేకు మీద గీసి ఆరనిచ్చి, పన్ను పక్కన పెట్టాడు. మళ్లీ తెలుపు పోశాడు. మళ్లీ గీశాడు. "తడిగా ఉన్నప్పుడు చూడగూడదమ్మా, ఆరినాక ముదురుతాది" అన్నాడు. మా పింగాణీ రంగులకూ అదే సూత్రం, కాల్చాకే అసలు రంగు. చిన్న సీసాడు రంగు కోసం ఆయన అంతసేపు నిలబడ్డాడు. పెద్ద బండికి ఎంత శ్రద్ధ పెడతాడో దీనికీ అంతే పెట్టాడు.

ముందు అద్దం పైన నామం, దాని పక్కన గోవిందా అని అక్షరాలు ఉండాలి. మామూలు ప్రింటర్లు తెల్ల రంగు అచ్చు వేయలేవు, కాబట్టి పారదర్శకమైన డికాల్ కాగితం మీద నామం రాదు. నంబరు ప్లేటును తెల్ల డికాల్ కాగితం మీద అచ్చు తీశాను. నామాన్ని మాత్రం క్యాపుల మీద రంగు దిద్దే సన్న కుంచెతో చేత్తోనే వేస్తాను. తెల్ల నామం ఒకటిన్నర మిల్లీమీటరు వెడల్పు, మధ్యలో ఎర్ర గీత. దానికి ముందు రిటైనర్ షీట్ ముక్కల మీద రోజూ కాసేపు సాధన చేస్తున్నాను.

మా ఇంట్లో దసరాకు బొమ్మల కొలువు పెడతాం. అమ్మ ప్రతి ఏడూ పక్కన మట్టితో కొండ చేసి, రంపపు పొట్టుకు ఆకుపచ్చ రంగు కలిపి చల్లి, రెండు ఘాట్ రోడ్లు వేస్తుంది. 1974లో వచ్చిన రెండో ఘాట్ రోడ్డు మీద ఎక్కేవి, 1944 నాటి మొదటి రోడ్డు మీద దిగేవి. ఈ నియమం అమ్మది, దాటడానికి వీల్లేదు. ఇన్నేళ్లూ ఆ రోడ్ల మీద నా బీటిల్, ఒక మినీ కూపర్ ఎక్కి దిగాయి. పేరంటానికి వచ్చినవాళ్లు ముద్దుగా ఉన్నాయనేవాళ్లు. పోయిన దసరాకు ఇంకా రంగు వేయని అంబాసిడర్ ముందు భాగం ఒక్కటే పళ్లెంలో పెట్టి చూపించాం. అవి ముద్దుగా ఉన్నాయన్నవాళ్లే దీని దగ్గర ఆగి, మా పెళ్లికి వచ్చిన బండి అని ఒకరు, ఆస్పత్రికి పోయింది దీంట్లోనే అని ఒకరు, కాణిపాకం ట్రిప్పులో ముందు సీట్లో నలుగురం ఇరుక్కున్నామని ఇంకొకరు చెప్పుకుంటూ కూర్చున్నారు. కిట్ చేసే కంపెనీ వాళ్లెవరైనా ఆ సాయంత్రం మా ఇంట్లో ఉండి ఉంటే బాగుండేది.

మా ల్యాబ్‌కు ఇప్పుడు రెసిన్‌తో వస్తువులు తీసే 3డీ ప్రింటర్ కూడా వచ్చింది. మొత్తం బండి దాంట్లోనే తీసేయొచ్చు కదా అని అడిగేవాళ్లున్నారు. తీయొచ్చు. గ్రిల్ గళ్లు చేత్తో చెక్కడం కంటే ప్రింటర్‌లోనే మేలు, అందుకే గ్రిల్ దాంట్లోనే తీస్తాను. బాడీ వంపు మాత్రం నా వేళ్ల కింద నుంచే రావాలి. ముందు రెక్క మీద హెడ్‌లైట్ వెనక నుంచి తలుపు దాకా పోయే ఆ వంపును ఎమరీతో రుద్దుతూ రుద్దుతూ, అట్ట ఆనించినప్పుడు సందులో వెలుతురు రాకుండా పోయేదాకా తెచ్చిన సంతోషం వేరే దాంట్లో నాకు దొరకలేదు.

ఇంకా తేలనివి రెండున్నాయి: నోవా వెనక లైట్ల అద్దం కొలతలు, చక్రం కప్పు మీద మధ్య ఉబ్బు ఎంత అన్నది. షెడ్డులో నేను కొలిచిన బండికి ఆ లైట్లు మార్చేశారు, కప్పులు లేనే లేవు. మీ ఇంట్లో గానీ, మీ వీధిలో గానీ 1990ల నాటి నోవా, అన్నీ అసలు భాగాలతో ఉంటే దయచేసి ఫోటోలు తీసి పంపండి. లైటు పక్కన, అదే మట్టంలో, ఒక స్టీలు స్కేలు ఆనించి పెట్టండి. ఫోన్‌ని లైటుకు సరిగ్గా ఎదురుగా, అదే ఎత్తులో పట్టుకుని, పది అడుగులు వెనక్కు వెళ్లి జూమ్ చేసి తీయండి. దగ్గర నుంచి తీస్తే మధ్య భాగం పెద్దదై అంచులు వంకర పోతాయి, ఆ కొలత పనికిరాదు. చక్రం కప్పును ఎదురుగా ఒకటి, పక్క నుంచి ఒకటి తీయండి. పక్క ఫోటోలో ఉబ్బు ఎత్తు తెలియాలి కాబట్టి స్కేలు చివరను కప్పు అంచుకు ఆనించి, స్కేలు బయటికి నేరుగా పొడుచుకు వచ్చేట్టు పట్టుకోవాలి.